అమ్మిరాజు గారి పా ద ద్యూ

అమ్మిరాజు గారికి ఒకే ఒక్క పిచ్చి. ఎదురుపడ్డ మనిషినల్లా ఆపి, పా ద ద్యూ అంటే ఏంటో చెబుతారు. కూరగాయల బండి అతనికి చెప్పారు, కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినాయనకి చెప్పారు. మా వీధి కుక్కలకి కూడా ఈపాటికి వచ్చేసే ఉంటుంది.

"పా అంటే అడుగండి. ద్యూ అంటే రెండు. ఇద్దరు కలిసేసే అడుగన్నమాట. బాలే అనే ఆ డాన్సు ఇటలీ రాజుల కోటల్లో పుట్టి, ఫ్రాన్సు వెళ్లి పేరు పెట్టించుకుందండి."

రాజమండ్రిలో ఏళ్ల తరబడి చేపల వేలం పాడిన గొంతు అది. గుసగుసలాడినా గోదావరి అవతల కొవ్వూరుకి వినపడుతుంది.

ఈ గోలకి మూలం రూబీ అనే ఫిజియోథెరపీ అమ్మాయి. పక్షవాతంతో ఆయన భార్య లోవలక్ష్మి గారికి కుడిపక్క పడిపోతే, ఫోనులో ఈ జంట డాన్సు చూపించి, ఇందులో అతను ఆమె నడుం పట్టుకున్నట్టే మీ ఆవిణ్ణి పట్టుకుని నడిపించండి అని ఆయనకి చెప్పిందట. అంతే, మాకు శని పట్టుకుంది. సాయంత్రం ఆయన భార్యని నడిపిస్తూ వస్తుంటే నేను గేటు వేసేసుకునేదాన్ని.

ఇంతలో రామచంద్రపురంలో ఆవిడ మేనకోడలు హారతి పెళ్లి కుదిరింది. పిలుపుకొచ్చిన మరదలు బొట్టు పెట్టి, "మీరు రాలేరు కదా వదినా, క్యారేజీ ఇంటికే పంపిస్తాం" అంది. ఆ రోజు లోవలక్ష్మి గారు అన్నం ముట్టలేదు. పిల్ల నెత్తిన తన చేత్తో అక్షింతలు వెయ్యాలని ఆవిడ ఆశ.

తీసుకెళ్లి తీరతానన్నారు అమ్మిరాజు గారు. సాయానికి నేనూ వెళ్లాను. మండపంలో ఎవరో "అయ్యో, ఎలాంటి మనిషి..." అని మొదలెట్టగానే ఈయన అందుకున్నారు. వరసలో కూర్చున్నవాళ్లందరికీ ఫ్రెంచి వచ్చేసింది. నాకు తల కొట్టేసినట్టయి, కాస్త ఆపమనండీ అని లోవలక్ష్మి గారి చెవిలో బతిమాలాను.

"ఆయనకి డాన్సేం తెలుసమ్మా," అంది ఆవిడ, మాట కూడదీసుకుంటూ. "నన్ను చూసి ఎవరైనా అయ్యో అంటే, నేను మళ్లీ గడప దాటనని ఆయన భయం. అందుకే ఎవర్నీ నోరు తెరవనివ్వరు."

నాకు ఏడుపొచ్చింది. ఆయన మీద ఎంత విసుక్కున్నానో!

అక్షింతల వేళయింది. ఎడమ చేత్తో వెయ్యకూడదు, కుడి చెయ్యి లేవదు. ఆయన ఆ చేతిని తన చేతిలోకి తీసుకుని ఎత్తారు. ఆవిడ చెయ్యి వణికింది, ఆయనది అంతకన్నా వణికింది. అక్షింతలన్నీ పోయి పంతులుగారి బట్టతల మీద పడ్డాయి.

అందరూ వీళ్లనే చూస్తున్నారు. అమ్మిరాజు గారు నోరు తెరిచారు గానీ, ఒక్క ముక్కా రాలేదు. కళ్లనిండా నీళ్లు.

ఆవిడ ఆయన వైపు చూసి, వంకర పోయిన పెదవితోనే నవ్వింది.

"పంతులుగారికి ఎప్పుడో పెళ్లయిపోయిందయ్యా. ఇంకోసారి ఎత్తు, పిల్ల మీద వేద్దాం."