అతుకు పడిన చోటు

అల్యూమినియం రేకు మీద అంటించి వచ్చే ప్లాస్టిక్ పొరను లాగినప్పుడల్లా చర్రుమని చప్పుడొస్తుంది. ఈ ఉదయం కాశీబుగ్గలో మా షాపులో కొత్త రేకు ఒలుస్తుంటే ఆ చప్పుడుకి భారతక్క గుర్తొచ్చింది. షాపు ఆవిడదే. చిత్రకారుల బొమ్మలను సన్నటి గీతల మెరుపున్న అల్యూమినియం పలకల మీద అచ్చువేయడం ఈ చుట్టుపక్కల మొదలుపెట్టింది ఆవిడే. రేకు మీద బొమ్మేమిటి, రేషన్ షాపు బోర్డా అని జనం నవ్వితే, ఉద్దానం సముద్రపు గాలికి కాగితం బూజు పడుతుంది, రేకుకు పట్టదు అని ఊరుకునేది. వాదించడం చేతకాక కాదు, పనికి అడ్డమని.

ఆ పలకల మీద తెలుపుతోనే తంటా. బొమ్మలో తెల్లగా ఉన్నచోట మెషిన్ ఏమీ వేయదు, రేకే కనబడుతుంది. తెలుపు కావాలంటే అడుగున ముందే తెల్లరంగు వేయాలి. ఎక్కడ వేయాలో, ఎక్కడ రేకును వదలాలో మనమే తేల్చుకోవాలి. పనిలో చేరిన కొత్తలో నేను ప్రతిదానికీ వెళ్లి అక్కను అడిగేదాన్ని. "నన్నడక్కే. నీకేటనిపిత్తందో ముందు సెప్పు," అనేది. నాకు ఒళ్లు మండేది. జీతమిచ్చే మనిషి చెప్పాలి గాని, నన్నడగడమేమిటి?

ఒకసారి కవిటి నుంచి రిటైరైన డ్రాయింగు మాస్టారి బొమ్మ వచ్చింది. కొబ్బరిచెట్ల సందుల్లోంచి కనిపించే సముద్రం, నిలువు బొమ్మ. ఆయన కిడ్నీలు పాడై డయాలసిస్ చేయించుకుంటున్నారు. ఆ మంచం మీద గంటలకొద్దీ ఉత్త గోడను చూడలేకపోతున్నానని, తన సముద్రాన్ని అక్కడ పెట్టించమని కొడుకును అడిగారట. తుడిచి శుభ్రం చేయడానికి వీలుండాలని, కాగితమూ గుడ్డా వద్దని ఆసుపత్రివాళ్లు అన్నారు. రేకైతే సరే. మా దగ్గర మిగిలింది ఒక్క రేకు. దాని మీద మెరుపు గీతలు పొడవునా ఉన్నాయి. నిలబెట్టి అచ్చువేస్తే నీళ్ల మీద వాన కురుస్తున్నట్టుంటుంది. అడ్డం తిప్పితే ఎత్తు చాలదు, రెండు ముక్కలు చేసి ఒకటి పైన, ఒకటి కింద పెట్టి అతకాలి. విశాఖ నుంచి మరో రేకు వచ్చేదాకా మాస్టారు ఉంటారని కొడుకు కూడా అనలేకపోయాడు.

అతను పక్కన నిలబడి ఉండగానే అక్క కట్టర్ పట్టుకుని, "ఎక్కడ కొయ్యమంటావే?" అంది నాతో. బొమ్మను చూశాను. నీళ్లూ ఆకాశమూ కలిసే గీత మీద వేలు పెట్టాను. అక్కడైతే అతుకు కూడా బొమ్మలో కలిసిపోతుంది. చెట్ల మానుల మీద వెంట్రుకంత గీత కనబడుతుంది, కనబడనీ. అక్క మళ్లీ అడగలేదు. కొలిచి కోసేసింది. నీళ్ల దగ్గర తెలుపు వేయకుండా, వెలుగుకు మెరిసేలా రేకునే వదిలేశాం.

పలక బిగించిన రోజు మేమూ ఆసుపత్రికి వెళ్లాం. మాస్టారు చాలాసేపు చూశారు. తల కాస్త అటూ ఇటూ తిప్పారు. "నీరు కదుల్తందిరా," అన్నారు కొడుకుతో. తర్వాత అతుకు చూపించి, ఇక్కడ కొయ్యాలని ఎవరికి తోచిందని అడిగారు.

"మా పిల్లకండి," అంది అక్క, నావైపు చూడనైనా చూడకుండా.

అక్క ఇప్పుడు లేదు. షాపు నేనే నడుపుతున్నాను. ఆవిడ నన్ను ఎదురుగా మెచ్చుకున్న పాపాన పోలేదు, ఆ కోపం నాకింకా ఉంది. అయినా ఒక్క రేకే మిగిలిన రోజున కూడా ఎక్కడ కొయ్యాలో ఎవరినీ అడగను. నా వేలిని నమ్మి ఆవిడ కోసిన రోజే ఆ అలవాటు పోయింది.