ప్రివ్యూలో ఎరుపు, ఫైల్లో తెలుపు

నేను రిటైరవడానికి ముందు సంవత్సరం, మార్కాపురంలోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ విభాగాధిపతిగా ఉండగా, ప్రిన్సిపాల్ నాకొక విచారణ అప్పగించారు. కొత్త సైన్స్ హాలు కోసం గిద్దలూరు స్టూడియో ఫోటోగ్రాఫర్ ఖాసిం ఇచ్చిన నెబ్యులా చిత్రం, అంటే నక్షత్రాలు పుట్టే వాయుమేఘం చిత్రం, అసలుదో నకిలీదో తేల్చాలి.

ఖాసిం తన ల్యాప్‌టాప్‌లో చూపించినప్పుడు మేఘం ఎర్రగా, ఆకాశం నల్లగా ఉన్నాయి. తర్వాత పంపిన ఫైల్లో ఆకాశమంతా పాలిపోయి, మేఘం ఆనవాలే లేదు.

"నెట్‌లోది చూపించి తనది పంపినాడు. ఇంకేముంది మేడమ్?" అన్నారు ప్రిన్సిపాల్.

పిలిపిస్తే ఖాసిం వచ్చాడు. "కొమరోలు కాడ మా మామ చేన్లో నిలబడి తీసినా మేడమ్. నన్ను దొంగంటారా?"

సాఫ్ట్‌వేర్‌లో ఆ చిత్రాన్ని నా ఎదుటే తయారుచేసి చూపించమన్నాను. చిత్రంలో చిన్న ముక్క మీద ముందుగా పరీక్షించుకోవడమే ప్రివ్యూ. అందులో ఎర్రటి మేఘం వచ్చింది. అవే సెట్టింగులతో పూర్తి చిత్రానికి బటన్ నొక్కాడు. మొత్తం తెల్లగా పాలిపోయింది.

ఖాసిం కుర్చీలోంచి లేచాడు. మొదట మాకు చూపించింది ప్రివ్యూనేనట; పూర్తి చిత్రాన్ని సేవ్ చేసి, తెరిచి చూడకుండానే పంపాడట. "ఇదేంది మేడమ్, కళ్ల ముందరే ఇట్లయిపాయ!"

జూమ్ తేడా ఏమోనని రెండింటినీ ఒకే సైజులో చూశాం. కాదు. ప్రివ్యూ చట్రాన్ని చిత్రం మూలకు జరిపించాను. అక్కడ ప్రివ్యూ కూడా పాలిపోయింది! అంచును పెద్దది చేస్తే సన్నటి నల్లపట్టీ కనిపించింది. చాలా ఫోటోలను ఒకదాని మీద ఒకటి సరిపెట్టి కలిపినప్పుడు అంచులు కలవక మిగిలిన ఖాళీ అది. ఆకాశం ఎంత నలుపో సాఫ్ట్‌వేర్ ముందు అంచనా వేస్తుంది. ఆ పట్టీని కూడా ఆకాశం కింద లెక్కేసుకుని, అసలు ఆకాశాన్ని వెలుగనుకుని పెంచేసింది. పట్టీ కత్తిరించి మళ్లీ నడిపాం. ప్రివ్యూ, పూర్తి చిత్రం రెండూ ఎర్రటి మేఘంతో ఒకేలా వచ్చాయి.

ప్రిన్సిపాల్ అతనికి సారీ చెప్పారు. చిత్రం హాల్లో పెట్టారు. ప్రారంభోత్సవానికి ఖాసిం రాలేదు.

ప్రివ్యూ తనకు ఇచ్చిన ముక్కను బట్టే లెక్క కడుతుంది. రెండు ఫలితాలు కలవనప్పుడు ముందు పరీక్షించాల్సింది వాటి లెక్కను. మేము ముందు మనిషిని అనుమానించాం.