పున్నమ్మ కుదురు తిరిగివ్వండి

నిన్న పొద్దున ఫస్ట్ పీరియడ్ క్లాసులో ఉన్నాను. ఫోన్ సైలెంట్‌లో ఉంది. బయటికొచ్చి చూస్తే బాబాయి నుంచి ఆరు మిస్డ్ కాల్స్.

వెంటనే తిరిగి చేశాను.

"అమ్మ పోయిందమ్మా. కాఫీ తాగి మంచం మీద ఒరిగింది, అంతే" అన్నాడు.

మా నాయనమ్మ పున్నమ్మ. తొంభై దాటింది. వయసైపోయింది కదా అని ఓదార్చేవాళ్ళకు ఒక దండం. నాకు ఏడుపు కన్నా ముందు కోపం వస్తోంది. అది చెప్పుకోవడానికే ఈ పోస్ట్.

ఈ మధ్య మీలో చాలామంది ఒక హ్యాట్ ఫొటో షేర్ చేశారు. హైదరాబాద్‌లో ఒక డిజైనర్ మేడం చేసింది. ఎర్ర గుడ్డ చుట్ట, దాని చుట్టూ తాటాకు అంచు. మోడల్ అమ్మాయి అది పెట్టుకుని ఎటో చూస్తుంటుంది. కింద "పేరు తెలియని పల్లె స్త్రీల ట్రెడిషన్‌కు నా నివాళి" అని రాశారు.

పేరు తెలియదా?

మా ఇంట్లో కూర్చుని, నాయనమ్మ పెట్టిన టీ రెండోసారి కూడా అడిగి తాగి, ఆమె పేరు నోట్‌బుక్కులో రాసుకుని వెళ్ళిన మనిషికి పేరు తెలియదా?

అయితే నేను చెబుతాను వినండి.

మాది మాచర్ల దగ్గర నాపరాళ్ళ క్వారీ ఊరు. ఆడవాళ్ళు రాయి నెత్తిన మోసేవాళ్ళు. రాయి కింద పెట్టుకునే గుడ్డ చుట్టే చుట్టకుదురు. ఆడపిల్ల మొదటిసారి పనిలోకి దిగేటప్పుడు తల్లి తన చీర చింపి కుదురు చుట్టి ఇవ్వడం మా వాళ్ళ పద్ధతి.

నాయనమ్మ పనిలోకి దిగింది తెల్లదొరల కాలంలో, యుద్ధం రోజుల్లో. బట్ట కంట్రోలు. కార్డు మీద కొలిచి ఇచ్చేవాళ్ళట. వాళ్ళమ్మకు ఉన్నవే రెండు చీరలు. అందులో ఎర్రదాని కొంగు చింపి కూతురికి కుదురు చుట్టింది.

"ఆ ఏడంతా మాయమ్మ నలుగురిలోకి రాలా" అని చెప్పేది నాయనమ్మ.

తాటాకు అంచు మాత్రం ఆమె సొంత బుర్ర. ఎండాకాలం రాయెత్తుకుని గుంటలోంచి పైకి ఎక్కుతుంటే ఎండ కళ్ళలో కొట్టి అడుగు కనపడేది కాదు. ఒకరోజు ముందు నడిచే ఆమె జారిపడి కాలు విరిగింది. మర్నాడు నాయనమ్మ తాటాకు చీల్చి కుదురు చుట్టూ అల్లుకుని వచ్చింది. పద్నాలుగేళ్ళ పిల్ల.

మేస్త్రీ మండిపడ్డాడు. "ఏమే పున్నీ, ఏంది నీ యేషం? టోపీలు దొరలు పెట్టుకుంటారు. తీసెయ్."

"దొరనొచ్చి రాయెత్తుకోమను. అప్పుడు తీస్తా" అందట.

రెండు రోజులు ఆమెను పనిలోకి రానివ్వలేదు. మిగతా ఆడవాళ్ళు కూడా గుంటలోకి దిగలేదు. మూడో రోజు స్టేషన్లో వ్యాగన్లు వచ్చి నిలబడ్డాయి, నింపే దిక్కు లేదు. మేస్త్రీయే కబురు పంపాడు. నాయనమ్మ వెళ్ళింది, వెనకాల పదకొండు మంది. అందరి తలల మీదా తాటాకు అంచే.

ఇదీ మేడం మీరు ట్రెడిషన్ అని రాసిన హ్యాట్. దానికి పేరుంది. నోరు కూడా ఉంది.

అసలు మంట ఇంకా చెప్పలేదు.

ఆ కుదురు ఇప్పటికీ మేడం దగ్గరే ఉంది. కొలతలు తీసుకుని పది రోజుల్లో పంపిస్తానన్నారు. నాయనమ్మ ఇవ్వనంది. "ఏం కాదులే, చదువుకున్న మనిషి" అని కవర్లో పెట్టి చేతికిచ్చింది నేనే.

కాగితం మీద ఒక సంతకం కూడా అడగలేదు. మా దగ్గర ఒకరి కుదురు ఇంకొకరు ఉంచుకోరు. ఉంచుకుంటే ఆ మనిషి బరువు మన నెత్తికొస్తుందని భయం. పొరపాటున తీసుకెళ్ళినా పొద్దుగూకేలోపు తెచ్చిచ్చేస్తారు. ఆ భయం లోకంలో అందరికీ ఉంటుందనుకున్నాను. బుద్ధి గడ్డి తింది.

పద్నాలుగు నెలలైంది. మొదట్లో మేడం ఫోన్ ఎత్తేవారు. తర్వాత అసిస్టెంట్. "అది డిస్‌ప్లేలో ఉందండి, ఇప్పుడు తీయలేం." గాజు పెట్టెలో, లైటు కింద పెట్టారట.

వెళ్ళినప్పుడల్లా నాయనమ్మ అడిగేది. "అమ్మాయ్, నా కుదురు ఎప్పుడు పంపుద్దంట ఆ పిల్ల?"

వచ్చే వారం అనేదాన్ని. మొన్న ఆదివారం కూడా అదే అబద్ధం చెప్పాను. ఊఁ కొట్టి అటు తిరిగి పడుకుంది.

మా క్వారీ ఆడవాళ్ళు పోతే పెద్దదినం నాడు కూతురో మనవరాలో కుదురు విప్పాలి. చుట్టు చుట్టూ విప్పి ఆ గుడ్డను కృష్ణలో వదలాలి. అప్పుడే బరువు దిగినట్టు. అందాకా ఆ మనిషి ఇంకా మోస్తున్నట్టే.

నిన్న సాయంత్రం సాగనంపేటప్పుడు మేనత్త అడిగింది. "అమ్మ కుదురేదే?"

అందరూ నా వైపు చూశారు.

మేడం, మిమ్మల్ని ట్యాగ్ చేశాను. హ్యాట్లు మీరే అమ్ముకోండి. మీ నివాళి మాకొద్దు. పెద్దదినానికి ఇంకా తొమ్మిది రోజులుంది. తాళం తీస్తారో అద్దం పగలగొడతారో నాకనవసరం, కుదురు పంపండి. లేకపోతే నేనూ మా మేనత్తా బస్సెక్కి వస్తాం. మీ గాజు పెట్టె ముందే కూర్చుంటాం. మేం బరువులు మోసిన వాళ్ళం, కూర్చోవడం మాకు కష్టం కాదు.

ఫ్రెండ్స్, కామెంట్లో ఏడుపు బొమ్మలు పెట్టకండి. ఆమె పేరు రాయండి. పున్నమ్మ.

నాయనమ్మా, ఈ తొమ్మిది రోజులూ ఓర్చుకో. నా చేత్తో ఇచ్చాను, నా చేత్తోనే తెచ్చి విప్పుతాను. అప్పుడు తల తేలికై హాయిగా పడుకుందువుగాని.