విలన్ చేతిలో చాకు, నా చేతిలో ఫొటో

సినిమాల్లో కనిపించే మడత చాకులు ఏ రకానివో కనిపెట్టడం నాకో పిచ్చి. మొన్న ఒక సినిమా సీడీని మధ్యలో ఆపి, విలన్ చేతిలో ఉన్న కొమ్ము పిడి చాకును ఫొటోగా ప్రింటు తీసుకున్నాను. ఈ రోజు పెబ్బేరు సంతలో ఒక ముసలాయన అచ్చం అలాంటి చాకులే గుడ్డ మీద పరిచి అమ్ముతున్నాడు. ఫొటో ముందు పెట్టి, "ఈ కత్తిని గుర్తుపడతవా?" అని అడిగాను. పోలీస్ స్టేషన్‌లో అడిగే మాట అదేనని నాకప్పుడు తట్టలేదు.

ఆయన ఫొటో కంటే ఎక్కువసేపు నా పొట్టి క్రాపును, బూట్లను చూశాడు.

"నాకేం తెల్వదు సార్. గిది నేనమ్మింది కాదు."

"ఇది సినిమాలది తాతా."

"గట్లనే అంటరు. ఎవర్ని పొడిచిండ్రు సార్?"

"హీరో తమ్ముణ్ని" అన్నాను, ఉన్నమాటే కదా అని.

ఆయన చాకులన్నీ మూటగట్టుకుని లేచిపోయాడు. నేను పక్కకు తిరిగానో లేదో, పలుపుతాళ్లు అమ్మే ఆమె తనంతట తానే, "నా తాన తాళ్లే ఉన్నయి సార్, బర్లకు కట్టేటియి" అంది.

ఆ చాకు ఏ రకమో ఇంకా తేలలేదు. ఈ పోస్టు కింద ఫొటో పెట్టాను, గుర్తుపట్టినవాళ్లు చెప్పండి. నేను పోలీసును కాను. ఆ మాట అంటే అనుమానం ఇంకా పెరుగుతుందని కూడా ఇవాళ తాళ్లామెతో అన్నాకే తెలిసింది.