ముందుగా బయలుదేరిన బూట్లు

మీరెప్పుడైనా మీకంటే ముందు మీ బూట్లను ప్రయాణానికి పంపారా? నవ్వకండి, నేను పంపాను. కర్నూలు మనకు రాజధానిగా ఉన్న ఆ రోజుల్లో, ఆళ్లగడ్డలో నా అంత హేతువాది లేడని నా గట్టి నమ్మకం (ఆధారం అడగకండి, అది నమ్మకమే). సంస్కరణ సభల్లో పంచాంగాన్ని చీల్చి చెండాడేవాణ్ని. సభ ముగిశాక ఇంటికి వెళ్లి, మా మేనత్త ఏ కాలు ముందు పెట్టమంటే ఆ కాలే పెట్టేవాణ్ని.

నాకు వచ్చిన విద్య ఒక్కటే, పరుగు. నంద్యాలలో బుధవారం మైలు పందెం జరుగుతుందనీ, మొదటి ఇద్దరినీ ఒక నూలుమిల్లు తన జట్టులోకి జీతమిచ్చి తీసుకుంటుందనీ కబురు వచ్చింది. మా నాయన నమ్మలేదు. "పరిగెత్తితే జీతమా? దొంగలు గూడా పరిగెత్తుతాండారు గదరా, వాళ్లకెవడిస్తాండాడు?" అన్నాడు. ఓడిపోతే మర్నాటి నుంచి ఆయన శెనక్కాయల మండీలో మూటలు కుట్టాలని ఒప్పందం. నాకు ఆ దబ్బనం కలలోకి వచ్చేది.

అంతలో మేనత్త పంచాంగం తెరిచింది. "బుధవారం ఉత్తరానికి వారశూల. శూలకెదురు పోతావా ఏందిరా?" నంద్యాల మాకు సరిగ్గా ఉత్తరం. నేను సభలో మాట్లాడినట్టే మాట్లాడాను. ఆమె విన్నది, విని "సరే, ప్రస్థానం పెడదాం" అంది. అంటే మంచి ఘడియలో మన వస్తువొకటి దారిలోని ఇంకొకరింట పెడితే, ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. మనం తర్వాత ఎప్పుడు కదిలినా శూల తగలదట. సోమవారం పొద్దున్నే, నంద్యాల డ్రిల్లు అయివారు నాకు ఎరువిచ్చిన మేకుల బూట్లను ఊరికి ఉత్తరపు చివరనుండే మామిడికాయల మామ ఇంట్లో పెట్టి వచ్చింది. ఇంటి పోరు కంటే బూట్ల ప్రయాణమే నయమనిపించింది నాకు.

బుధవారం బస్సు ఆపించి మామ ఇంటికి పరిగెత్తితే తలుపుకు తాళం! పక్కింటామె చీపురు ఆపకుండానే చెప్పింది: "వాళ్లు బనగానపల్లె తోటల కాడికి పోయినారప్పా. ఎప్పుడొస్తారో తెల్దు." వెనక డ్రైవరు హారను మోగిస్తున్నాడు. "వస్తావా, వాళ్లింట్లోనే కాపరం పెడతావా?" వట్టి కాళ్లతో బస్సెక్కాను.

మైదానంలో అయివారు నా కాళ్లు చూసి గుడ్లురిమారు. "బూట్లు యాడరా?"

"అవి సోమవారమే బయల్దేరినాయి సార్."

"అట్లయితే పందెం గూడా అవే గెలిచింటాయి. నీవెందుకొచ్చినావు?"

పక్కనున్న పరుగుగాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. నాకు మాత్రం దబ్బనం కనిపిస్తోంది. ఈల వేశారు. మొదటి చుట్టులో అరికాళ్ల కింద కంకర నిప్పులా కాలింది. రెండో చుట్టుకు ఒక సంగతి తెలిసింది: ఆ ఇరుకు బూట్లలో ముడుచుకుపోయే నా వేళ్లు ఇప్పుడు హాయిగా విచ్చుకుని నేలను పట్టుకుంటున్నాయి. రెండోవాడిగా గీత దాటాను. మిల్లు మేనేజరు భుజం తట్టి, "పనిలోకి రావయ్యా, పని పరుగే" అన్నాడు. అక్కడే మట్టిలో కూలబడి, ఊపిరి అందేదాకా నవ్వాను. గుండె మీది మూట దిగిపోయింది.

ఇల్లు చేరగానే మేనత్త, "చూసినావా? బూట్లు ముందు పోయి దారి చేసినాయి!" అంది.

"అత్తా, అవి ఊరే దాటలేదు!"

"దాటకపోతే ఏం? నీవు గెలిచినావు గదా."

ఒక్క గెలుపుతో ఏ సిద్ధాంతమూ రుజువు కాదని చెప్పబోయాను. అప్పటికే ఆమె బొబ్బలెక్కిన నా పాదాలను ఒళ్లో పెట్టుకుని ఆముదం రాస్తోంది. పళ్లు బిగించి ఆముదం రాయించుకున్న ఆ వీర హేతువాదిని తలచుకుంటే ఇప్పుడు ముద్దొస్తుంది. కాని ముద్దు వేరు, ముప్పు వేరు. ఆ రోజు మరొకడు నన్ను దాటి ఉంటే, మండీలోనే నా బతుకు తెల్లారేది. మీ ఇంట్లో ఏ పిల్లో పిల్లవాడో పోటీకి బయలుదేరి గడపలో నిలబడితే, శూలలు లెక్కపెట్టకండి. పక్కకు జరగండి, వెళ్లనివ్వండి.