పద్మావతి గారితో మూసీ పుట్టింటికి

మదీనాగూడలో మా ఎదురు ఫ్లాటు పద్మావతి గారిది రాజమండ్రి దగ్గరి ఊరు. ఒకరోజు లిఫ్టులో ఆవిడ, "మీ మూసీ నది కాదమ్మా సుజాతా, మురుగు కాలువ," అన్నారు. నేను వికారాబాద్ పిల్లను. మా కొండల్లో పుట్టిన నదిని అంత మాటంటే ఊరుకోలేక, "ఆదివారం నాతోని రాండ్రి, అది పుట్టే కాడ నీళ్ళు ఎట్లుంటయో చూద్దురు," అన్నాను. పులిహోర బాధ్యత ఆవిడ తీసుకున్నారు.

వానలు వెనకబడిన రోజులు. ఉదయం ఏడున్నరకు లింగంపల్లిలో రైలెక్కాం. కిటికీ పక్కన చోటు దొరికింది. శంకర్‌పల్లి రాకముందే పులిహోర సగమైంది. ఖాళీ పూలబుట్టతో ఊరికి వెళుతున్న పెద్దావిడ ఎక్కడికని అడిగితే, మూసీని చూడటానికని చెప్పాను.

"అది మీ పట్నంలకెల్లే పోతది గద బిడ్డా. టికెట్ దండుగ," అంది.

పద్మావతి గారు నా వైపు ఒక్క చూపు చూసి, ఇంకో ముద్ద నోట్లో పెట్టుకున్నారు.

వికారాబాద్‌లో దిగి అనంతగిరి బస్సు పట్టుకున్నాం. కొండ మీద దిగి, అడవిలో రాళ్ళదారిన కిందికి నడిస్తే సన్నని వాగు కనిపించింది. ఇదే మూసీ అన్నాను.

"మా కుళాయి కట్టెయ్యడం మర్చిపోతే ఇంతకన్నా ఎక్కువే పారుతుందమ్మా," అన్నారావిడ.

పౌరుషం కొద్దీ చెప్పులు విడిచి నీళ్ళలో దిగాను. అడుగున గులకరాళ్ళు కూడా కనిపించేంత తేట. గర్వంగా ఏదో చెప్పబోతుండగా బొటనవేలిని ఏదో గట్టిగా పట్టుకుంది. నా కేకకు కొమ్మల మీది కోతులు చెల్లాచెదురయ్యాయి. పద్మావతి గారు వంగి చూసి, "పీత," అన్నారు సంబరంగా. కాలువగట్టున పెరిగిన మనిషి కదా, డొప్ప వెనకనుంచి పట్టి నేర్పుగా విడిపించారు.

"ఇది బతుకుతోందంటే నీళ్ళు మంచివే. ఒప్పుకున్నాను."

వేలు మండుతున్నా మనసు చల్లబడింది.

ఆ చల్లదనం వాగు వెంట కాస్త కిందికి నడిచేదాకే. అక్కడ వనభోజనాల విస్తళ్ళు, సీసాలు, నీళ్ళ మీద నూనె తెట్టు. పద్మావతి గారు ఒక్కో రాయీ తిప్పి చూశారు. ఒక్క పీత కూడా లేదు.

"పుట్టి పావుగంట కాలేదు. అప్పుడే జబ్బా తల్లీ?" అన్నారు. అది నాతో అన్న మాట కాదు, వాగుతో.

పక్కనే హైటెక్ సిటీ ఆఫీసు కుర్రాళ్ళు నలుగురు బిర్యానీ తింటున్నారు. ఆవిడ అక్కడే ఉన్న ఒక టీకొట్టులో ఖాళీ బియ్యం బస్తా అడిగి తెచ్చి వాళ్ళ ముందు నిలబడ్డారు.

"ఆంటీ, ఇవి మేం వేసినవి కావు."

"నేనూ వెయ్యలేదు నాన్నా. వంగుతున్నానా లేదా?"

వాళ్ళూ వంగారు. "ఆదివారం కూడా మేనేజర్ దొరికిందిరా," అని ఒకడు గొణిగాడు. బస్తా నిండింది కానీ అక్కడున్న ఒక్క చెత్తడబ్బానూ కోతులు బోర్లించేశాయి. చేసేది లేక బస్తాను మాతోనే బస్సెక్కించి, రైలెక్కించాం. పెట్టెలో మా చుట్టూ చాలా చోటు మిగిలింది.

చీకటిపడే వేళకు లింగంపల్లిలో షేర్ ఆటో ఎక్కుతుంటే డ్రైవరు ముక్కు మూసుకుని, "ఏందమ్మా సంచిల?" అన్నాడు.

"చెత్త బాబూ. అనంతగిరి నుంచి," అన్నారు పద్మావతి గారు.

"మన కాడ లేదా అమ్మా, గంత దూరం పోయి తెచ్చిన్రు?"

"మేం తేకపోతే వానలకు అదే కొట్టుకొచ్చి గండిపేట చెరువులో పడేది. ఆ నీళ్ళే నువ్వూ నేనూ తాగేది."

అతను దిగొచ్చి బస్తాను వెనక తాడుతో గట్టిగా కట్టాడు. "జర పైలం, దారిల పడ్తే మల్ల పోయి ఏరాలె," అన్నాడు.