మూడో పేరు మస్తానమ్మ

ఇవాళ మా డాక్టరు గారి క్యాన్సర్ పరిశోధనకి గ్రాంటు దరఖాస్తు టైపు కొట్టాను. గుంటూరులో ఆయనా, బొంబాయిలో ఇంకో డాక్టరూ కలిసి చుట్టకీ నోటి క్యాన్సర్‌కీ సంబంధం తేలుస్తారట. ఆయన కబురు పెడితే, పొదిలిలో చుట్టలు చుట్టి అమ్మే మస్తానమ్మ వచ్చింది. ఆ ఊరి రోగుల పేర్లు ఆయన చదువుతుంటే, ఎవరికి ఏ దవడన పుండో చూడకుండానే చెప్పేసింది!

"నీకెలా తెలుసమ్మా?" అన్నారు డాక్టరు గారు.

"చుట్ట ఏ పక్కన కరిచిపట్టుకుంటారో రోజూ చూస్తున్నాగా. నా చుట్టల వల్లేనని తేలితే ముందు నాకు చెప్పండయ్యా. మా ఆయనకివ్వడం మానేస్తా."

మిగతావాళ్ళ సంగతి ఆవిడ చెప్పలేదు. మేమూ అడగలేదు.

పరిశోధకుల జాబితాలో మూడో పేరు ఆవిడదే కొట్టమన్నారు డాక్టరు గారు. కొట్టాను. పక్కనున్న ‘అర్హతలు’ గడి మాత్రం ఇంకా ఖాళీగా ఉంది. ఏం కొట్టమంటారు?